వెనక హౌసింగ్‌లో ఆయిల్ లీక్: కొత్త సీల్ కొట్టే ముందు చూడాల్సినవి

(నెల్లూరులో లారీ, టిప్పర్, జీపు డ్రైవర్లు, మెకానిక్‌లు కలిసిన సభలో ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ఓనర్లకు, డ్రైవరన్నలకు, తోటి మెకానిక్‌లకు, వెనకాల నిలబడి ఉన్న షెడ్డు పిల్లలకు. తమ్ముళ్లూ, ముందుకు రండి. ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పేది మీకే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే బండి కిందికి దూరేది మీరే.

వెనక హౌసింగ్, అంటే వెనక చక్రాల మధ్య గేర్లుండే ఇనప గూడు, దాని ఆయిల్ లీక్ గురించి మాట్లాడమన్నారు. ఇందులో చెప్పడానికేముంది, సీల్, అంటే ఆయిల్ బయటికి రాకుండా షాఫ్ట్ చుట్టూ ఆనే రబ్బరు రింగు, పోతే సీల్ మారుస్తాం, అంతే కదా అని కొందరు అనుకుంటూ ఉండొచ్చు. అంతేనా? అంతే అయితే, ఒకే బండి ఒకే సీల్ కోసం మళ్లీ మళ్లీ మన షెడ్డుకు ఎందుకొస్తోంది? ఓనరేమో సీల్ నాసిరకం అంటాడు. షాపువాడేమో మెకానిక్ సరిగ్గా కొట్టలేదంటాడు. మెకానిక్ డ్రైవర్ మీద చెబుతాడు. నేను చెప్పేది ఒక్కటే. సీల్ ఊరికే పోదు, దాన్ని ఏదో ఒకటి పోగొడుతుంది. ఆ ఏదో ఒకటి అట్టాగే ఉంచి కొత్త సీల్ కొడితే అదీ పోతుంది. ఆ ఏదో ఒకటి ఎక్కడెక్కడ ఉంటుందో, దాన్ని ఎట్టా పట్టుకోవాలో చెప్పడానికే వచ్చాను.

ముందు అసలు ఆ ఆయిల్ లోపల ఏం చేస్తుందో చూద్దాం. గేర్‌బాక్స్ నుంచి వచ్చే జాయింట్ షాఫ్ట్ పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, పినియన్ క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మన బండ్లలో చాలావాటిలో పినియన్ క్రౌన్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందికి జరిగి ఉంటుంది. దాన్నే హైపాయిడ్ అంటారు. అందులో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి కూడా. అంత లోడు మీద, అంత జారుడులో మామూలు ఇంజన్ ఆయిల్ పళ్ల మధ్య నిలవదు. అందుకే ఈపీ 90 అనో, 85డబ్ల్యూ-140 అనో ప్రత్యేకంగా పోస్తాం. ఆ ఆయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. డబ్బా మూత తీయగానే ముక్కుకు కొట్టే ఘాటు ఆ గంధకానిదే. ఈ వాసన గుర్తుపెట్టుకోండి, లీకు వెతికేటప్పుడు పనికొస్తుంది.

ఇంకో సంగతి. హౌసింగ్‌లో పంపు లేదు. ఇంజన్‌లో ఉన్నట్టు ప్రెషర్ పెట్టి ఆయిల్ కొట్టేది ఏదీ అక్కడ లేదు. క్రౌన్ తిరుగుతూ అడుగున ఉన్న ఆయిల్‌ను పైకి చిమ్ముతుంది. చిమ్మిన ఆయిల్‌లో కొంత లోపలి సన్న దారి గుండా పినియన్ ముందు బేరింగ్‌కు పోయి, దాన్ని తడిపి, వెనక్కి వస్తుంది. లెవెల్ తగ్గిందనుకోండి, ముందు ఎండిపోయేది ఏది? క్రౌన్ ఇంకా ఎంతో కొంత ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. ఎండేది ఆ ముందు బేరింగ్. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకు ఎత్తుకుని కృష్ణపట్నం పోర్టుకు దిగే ట్రైలర్‌ను తలుచుకోండి. ఆ లోడు కింద బేరింగ్ ఎండిపోతే ఎంతసేపు నిలుస్తుంది? బేరింగ్ లూజయితే పినియన్ ఊగుతుంది. పినియన్ ఊగితే పళ్ల పట్టు తప్పుతుంది. చివరికి క్రౌన్-పినియన్ సెట్టు మార్చుకోవాలి. ఆ ధర ఎంతో ఓనర్లకు నేను చెప్పక్కర్లేదు. సీల్ ధర ఎంతో కూడా మీకు తెలుసు.

లీకు ఎక్కడో తేల్చుకోవడం

బండి కింద మరక కనిపించగానే పానా పట్టుకోకండి. మొదటి పని కడగడం. హౌసింగ్ మీద మట్టి, పాత ఆయిల్ కలిసి గట్టిపడి మందంగా పేరుకుపోయి ఉంటుంది. దాని మీద చూసి లీకు ఎక్కడో ఎవరు చెప్పగలరు? డీజిల్, బ్రష్ పెట్టి గీకండి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. ప్రెషర్ వాటర్ కొట్టేటప్పుడు మాత్రం సీల్ అంచుల మీదికి, బ్రీదర్ మీదికి నేరుగా కొట్టొద్దు. నీళ్లు లోపలికి పోతాయి.

ఆరాక ముగ్గుపిండి చల్లండి. నవ్వొద్దు, నిజంగానే చెబుతున్నాను. టాల్కం పౌడర్ అయినా సరే. పినియన్ ముక్కు దగ్గర, హౌసింగ్ జాయింట్ చుట్టూ, చక్రాల లోపలి వైపు పల్చగా చల్లి, బండిని కోవూరు దాకా పోనిచ్చి తిరిగి తీసుకురండి. ఇప్పుడు కిందికి దూరి టార్చి వేసి చూడండి. తెల్లటి పిండి మీద ఆయిల్ దారి నల్లగా గీత గీసినట్టు కనబడుతుంది. ఆ గీతను పట్టుకుని పైకి, ముందుకు పోవాలి. ఎందుకు ముందుకు? బండి నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. కాబట్టి బొట్టు రాలే చోటుకు పైనా ముందూ ఉంటుంది అసలు లీకు. బొట్టు అడుగున ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్ దగ్గర రాలుతోందని డ్రెయిన్ ప్లగ్ పళ్లు ఊడేదాకా బిగించినవాళ్లు ఉన్నారు. లీకేమో పైన పినియన్ దగ్గర.

పినియన్ సీల్ పోతే ఇంకో గుర్తు ఉంటుంది. పినియన్‌కు జాయింట్ షాఫ్ట్‌ను కలిపే ఫ్లాంజ్ తిరుగుతూ ఆయిల్‌ను చుట్టూ విసురుతుంది కదా, సరిగ్గా దాని పైన బాడీ అడుగున అడ్డంగా ఒక మరక పడుతుంది. చక్రం మధ్య భాగమైన హబ్‌లో సీల్ పోతే చక్రం లోపలి వైపు, డ్రమ్ము వెనక రేకు మీద, టైరు గోడ మీద తడి కనబడుతుంది. చిన్న బండ్లలో ఇక్కడ ఒక తికమక ఉంది. చక్రం దగ్గర తడి అంటే అది హౌసింగ్ ఆయిలే కావాలని లేదు, బ్రేకులను నెట్టే వీల్ సిలిండర్ నుంచి కారే బ్రేక్ ఆయిల్ కూడా కావొచ్చు. తేడా ఎట్టా తెలుస్తుంది? గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని ఆ తడిని ఒక పుల్లతో తీసి అందులో కలపండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. గేర్ ఆయిల్ కలవదు, పైన తేలుతుంది. వాసన కూడా చెబుతుంది, ఇందాక చెప్పిన గంధకం వాసన.

ఇంకో మాట, కంగారు పడేవాళ్ల కోసం. సీల్ అంచు దగ్గర సన్నగా చెమర్చినట్టు ఉండి, బొట్టు కట్టకుండా ఉంటే వెంటనే విప్పేయాల్సిన పని లేదు. తుడిచి, లెవెల్ చూసుకుని, కొన్నాళ్లు గమనించండి. బొట్టు కట్టి రాలుతుంటే అప్పుడు పని పెట్టుకోండి. చక్రం దగ్గర తడికి మాత్రం ఈ మాట వర్తించదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

బ్రీదర్

ఇప్పుడు అందరూ వదిలేసే వస్తువు దగ్గరికి వద్దాం. హౌసింగ్ పైన ఒక చిన్న టోపీ లాంటిది ఉంటుంది. కొన్ని బండ్లలో దానికి ఒక ట్యూబు తగిలించి పైకి తీసుకుపోయి ఉంటారు. దాని పేరు బ్రీదర్. ఇక్కడున్న మెకానిక్‌లలో ఎంతమంది సీల్ మార్చినప్పుడల్లా బ్రీదర్ తీసి చూస్తారు? చేతులెత్తండి. చూశారా, పట్టుమని పది చేతులు లేవలేదు.

అది ఎందుకుంది? బండి నడిస్తే హౌసింగ్ వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో లోడుతో హైవే మీద వచ్చిన లారీ హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, పెట్టలేరు. లోపల ఆయిల్ పైన ఉన్నదంతా గాలి. వేడికి గాలి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కి, బయటికి పోయే దారి లేకపోతే, లోపలి ఒత్తిడి దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. అంటే బయటి గాలి కంటే సుమారు 3 పీఎస్ఐ ఎక్కువ. టైరులో కొట్టే గాలితో పోలిస్తే ఇదెంత అనుకుంటాం. కానీ ఆయిల్ సీల్ పెదవి ఎంత మందం? దాన్ని షాఫ్ట్‌కు ఆనించి పట్టుకునేది వెంట్రుకంత సన్నటి స్ప్రింగు. అది ఒత్తిడిని ఆపడానికి చేసింది కాదు, చిమ్మే ఆయిల్‌ను ఆపడానికి చేసింది. విజిల్ మూసుకుపోయిన కుక్కర్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తన్నుకుని పోయినట్టు, హౌసింగ్‌లో ఒత్తిడి కూడా సీల్ పెదవిని తోసుకుని బయటికి వస్తుంది, వస్తూ ఆయిల్‌ను తెస్తుంది. కొత్త సీల్ వేసినా అదే జరుగుతుంది.

మన ప్రాంతంలో బ్రీదర్ మూసుకుపోవడానికి కారణాలు ఎన్ని కావాలి? పెన్నా ఇసుక తోలే టిప్పర్లకు ఇసుక, చీమకుర్తి క్వారీల్లో తిరిగేవాటికి రాతి దుమ్ము. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే పికప్‌లకు ఉప్పు నీళ్లు, బురద. ఉప్పుకు బ్రీదర్ టోపీ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఇవి కాక ఇంకోటి ఉంది. చాసిస్‌కు రంగు కొట్టించినప్పుడు బ్రీదర్ మీద కూడా కొట్టేస్తారు. బండి తళతళలాడుతుంది, నెల తిరక్కుండా సీల్ కారుతుంది. పెయింటరుకు తెలియదు, ఆయన తప్పు కాదు. మనమే బ్రీదర్‌కు టేపు చుట్టి పంపాలి, తిరిగి వచ్చాక తీసేయాలి.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. బ్రీదర్ చుట్టూ ముందు మట్టి తుడవండి, లేకపోతే విప్పగానే అదంతా హౌసింగ్‌లో పడుతుంది. విప్పి డీజిల్‌లో నానబెట్టి, గాలి కొట్టి, టోపీ ఆడుతోందో లేదో వేలితో చూడండి. ట్యూబు ఉంటే దాని రెండో చివర నుంచి గాలి వస్తోందో లేదో చూడండి. బిగుసుకుపోయి ఉంటే కొత్తది వేయండి. ఇక దాన్ని విప్పగానే లోపలి నుంచి బుస్సుమని గాలి వచ్చిందనుకోండి, మీ లీకుకు కారణం సగం దొరికినట్టే.

ఇదే బ్రీదర్‌తో ఇంకో ప్రమాదం ఉంది, అది నీళ్లలో. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. కుంచించుకుపోతే ఏం చేస్తుంది? బయటి నుంచి పీల్చుకుంటుంది. గాలి పీల్చుకునే దారిలో నీళ్లుంటే నీళ్లే పీలుస్తుంది, బ్రీదర్ నుంచి అయినా, సీల్ పెదవి దగ్గర నుంచి అయినా. కాబట్టి హౌసింగ్ మునిగేంత నీళ్లలో బండి దిగితే, తర్వాత ఆయిల్ తప్పకుండా చూడండి. తెల్లబడి నురగగా ఉంటే నీళ్లు కలిసినట్టు. దాన్ని వడకట్టి వాడుకోవడం లేదు, మొత్తం దించేసి కొత్తది పోయడమే. లేకపోతే బేరింగుల మీద తుప్పు మచ్చలు పడతాయి, ఆ మచ్చలే తర్వాత గుంటలవుతాయి. రొయ్యల గుంటల వైపు తిరిగేవాళ్లు బ్రీదర్‌కు ట్యూబు వేయించి ఛాసిస్ పైకి తీసుకుపోవడం చాలా మంచిది.

పినియన్ సీల్

ఇక విప్పుదాం. కానీ అంతకుముందు ఒక్క నిమిషం, షెడ్డు పిల్లలు ఇది బాగా వినండి. బండి గేరులో వేసి ఉంది కదా, కదలదులే అనుకుని జాయింట్ షాఫ్ట్ విప్పుతాం. గేరు పట్టు చక్రాలకు చేరేది ఎట్టా? ఆ షాఫ్ట్ గుండానే. అది విప్పిన క్షణం నుంచి గేరుకు, చక్రాలకు సంబంధం లేదు. కొన్ని జీపుల్లో హ్యాండ్ బ్రేక్ కూడా గేర్‌బాక్స్ వెనకే ఉంటుంది, అదీ పని చేయదు. హబ్ దగ్గర చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్ ఒకటి లాగినా అంతే, గేరు ఆపలేదు. కాబట్టి బోల్టు మీద పానా పెట్టే ముందే చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే. కింద పని చేయాలంటే స్టాండ్లు ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దే వద్దు. అవి పగిలేటప్పుడు చెప్పి పగలవు.

షాఫ్ట్ విప్పే ముందు రెండు ఫ్లాంజ్‌ల మీద పంచ్‌తో గుర్తు కొట్టండి. మళ్లీ అదే చోట కలపాలి, లేకపోతే వైబ్రేషన్ వస్తుంది. విప్పాక షాఫ్ట్‌ను వేలాడదీయకుండా తాడుతో ఛాసిస్‌కు కట్టండి. ఇప్పుడు ఫ్లాంజ్‌ను రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. ఊగుతోందా? ఊగితే అక్కడే ఆగండి. బేరింగ్ లూజుగా ఉంది. ఊగే షాఫ్ట్ మీద ఏ కంపెనీ సీల్ అయినా, ఎంత ఖరీదైనదైనా నిలవదు. ఓనర్‌ను పిలిచి ఆయన చేత్తోనే ఊపించి చూపించండి. అప్పుడు పని పెరిగిందని ఆయన మిమ్మల్ని అనడు.

ఊగడం లేదు, సరే. నట్టు ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుని, పినియన్‌ను తిప్పడానికి ఎంత బలం పడుతోందో చిన్న టార్క్ పానాతో కొలిచి రాసుకోండి. తర్వాత నట్టు విప్పి ఫ్లాంజ్‌ను పుల్లర్‌తో లాగండి. వెనక నుంచి సుత్తితో కొట్టొద్దు, ఫ్లాంజ్ వంకర పోతుంది.

ఫ్లాంజ్ చేతికొచ్చాక తుడిచి, సీల్ పెదవి ఆనుకునే చోట గోరు పెట్టి ఇటు నుంచి అటు గీకండి. గోరు ఎక్కడైనా తట్టుకుందా? తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టు. రబ్బరు ఇనుమును కోస్తుందా అని అడుగుతారు. రబ్బరు కాదు, రబ్బరు కింద చేరిన దుమ్ము కోస్తుంది. మన దగ్గర ఇసుకకు, క్వారీ దుమ్ముకు కొదవ లేదు కదా. కొత్త సీల్ పెదవి మళ్లీ ఆ గాడిలోనే కూర్చుంటే సరిగ్గా ఆనదు, నాలుగు రోజుల్లో కారుతుంది. ఒకే సీల్ మళ్లీ మళ్లీ మార్చే బండ్లలో నేను ఎక్కువగా చూసే కారణాలు రెండే, మూసుకుపోయిన బ్రీదర్, ఫ్లాంజ్ మీద గాడి.

గాడికి ఏం చేయాలి? బాగా లోతుగా ఉంటే ఫ్లాంజ్ మార్చండి, లేదా దాని మీద తొడిగే పల్చటి స్టీలు స్లీవ్ దొరికితే వేయండి. గాడి కొంచెమే ఉండి, సీల్ కూర్చునే గూడులో లోతు ఉంటే, సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే పెదవి గాడి మీద కాకుండా నున్నటి చోట ఆనుతుంది. తుప్పు మచ్చ లాంటిదైతే సన్న ఎమరీ కాగితంతో రుద్దొచ్చు, కానీ చుట్టూ తిప్పుతూ రుద్దాలి, నిలువునా రుద్దొద్దు. నిలువు గీతలు పడితే ఆయిల్ వాటి వెంటే బయటికి వస్తుంది.

సీల్ కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి కంటితో సరిపోల్చడం కాదు. దాని ముఖం మీద లోపలి కొలత, బయటి కొలత, మందం ముద్రించి ఉంటాయి, చదవండి. కొన్నిటి మీద బాణం గుర్తు ఉంటుంది. అంటే పెదవి లోపల సన్న గీతలున్నాయి, అవి షాఫ్ట్ తిరిగే దిక్కును బట్టి ఆయిల్‌ను లోపలికి నెడతాయి. తిరిగే దిక్కు తేడా వస్తే అవే బయటికి నెడతాయి. రబ్బరు రకం కూడా చూడండి. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల చుట్టుపక్కల వేడి దాకా బాగుంటుంది, వైటాన్ అయితే 200 దాకా తట్టుకుంటుంది. బరువులు లాగే బండికి వైటాన్‌కు నాలుగు రూపాయలు ఎక్కువైనా దండగ కాదు.

కొట్టేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాయండి. పొడిగా వేస్తే మొదటి కిలోమీటరులోనే పెదవి కాలుతుంది. సీల్ బయటి అంచుకు సరిపోయే పైపు ముక్క పెట్టి చుట్టూ సమానంగా దింపండి. ఉలి పెట్టి ఓ పక్క, సుత్తి పెట్టి ఓ పక్క కొడితే రేకు వంకరపోయి స్ప్రింగు ఊడి లోపల పడుతుంది. ఊడిందని బయటికి కనబడదు, అదే ఇబ్బంది.

ఇక నట్టు బిగించడం. ఇది మాత్రం నిదానంగా వినండి. కొన్ని హౌసింగ్‌లలో రెండు బేరింగుల మధ్య దూరం ఉంచే గట్టి స్పేసర్ గొట్టం, షిమ్‌లు అనే పల్చటి రేకులు ఉంటాయి. వాటికి మాన్యువల్‌లో రాసిన టార్క్ పెట్టి బిగిస్తే చాలు. కొన్నిటిలో మాత్రం నలిగే స్పేసర్ ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలిగి బేరింగులకు కావలసిన బిగువు ఇస్తుంది. ఇక్కడ పెద్ద పానాకు పైపు తొడిగి ఇద్దరు వేలాడారనుకోండి, స్పేసర్ ఎక్కువ నలిగిపోతుంది, బేరింగులు బిర్రుగా పట్టేస్తాయి. అప్పుడు నట్టు కాస్త వెనక్కి వదిలితే సరిపోతుందా? సరిపోదు. నలిగిన స్పేసర్ మళ్లీ పొడుగవదు, కొత్తది వేయాల్సిందే. అందుకే ఇందాక కొలిచి రాసుకోమన్నాను. పాత గుర్తు దాకా బిగించి, తిప్పే బలం కొలిచి, ముందున్న లెక్క వచ్చేదాకా కొంచెం కొంచెంగా పోవాలి. బిర్రుగా వదిలేస్తే బేరింగ్ కాలుతుంది, బేరింగ్ పక్కనే సీల్ కాలుతుంది, బండి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

హబ్ సీల్, బ్రేకులు

చక్రం దగ్గర తడి సంగతి తర్వాత చెబుతానన్నాను. పినియన్ దగ్గర లీకయితే డబ్బు పోతుంది. హబ్ దగ్గర లీకయితే మనుషులు పోతారు. ఆయిల్ ఎక్కడికి చేరుతుంది? డ్రమ్మును ఒరిసి చక్రాన్ని ఆపే బ్రేక్ లైనింగ్ మీదికి. లోడుతో గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లో దిగుతున్నారు, ఒక పక్క లైనింగ్ ఆయిల్‌తో తడిసి ఉంది, బ్రేకు తొక్కితే ఆ చక్రం పట్టదు, రెండో చక్రం పడుతుంది, బండి పక్కకు లాగుతుంది. ఎదురుగా బస్సు వస్తోంది. ఇంకేం చెప్పాలి? చక్రం లోపల తడి కనబడ్డ రోజున లోడు ఎత్తకండి. ఓనరన్నలూ, డ్రైవర్ అట్టా చెబితే ఒక ట్రిప్పు పోయిందని ఆయన మీద కోపం చేసుకోకండి.

పెద్ద లారీల్లో హబ్ రెండు బేరింగుల మీద సొంతంగా నిలబడుతుంది, యాక్సిల్ షాఫ్ట్ తిప్పడానికే, బరువు మోయదు. కాబట్టి చక్రం విప్పకుండానే షాఫ్ట్ లాగొచ్చు. ఆ షాఫ్ట్ చివరి ఫ్లాంజ్ స్టడ్లు లూజయితే ప్యాకింగ్ దగ్గర బయటి వైపు ఆయిల్ కారుతుంది. అది బయటికే కనబడుతుంది కాబట్టి తేలిక. లోపలి సీల్ పోయినదే కష్టం. హౌసింగ్ ఆయిల్ హబ్‌లోకి వచ్చి గ్రీజును కరిగించి కడిగేస్తుంది, తర్వాత డ్రమ్ములోకి పోతుంది. డ్రమ్ము విప్పితే సీల్‌తో పాటు బేరింగుల్లో ప్లే, అంటే ఊగులాట, చూడండి, సీల్ నడిచే రింగు మీద గోరు పరీక్ష చేయండి. తిరిగి బిగించేటప్పుడు డ్రమ్మును చేత్తో తిప్పుతూ నట్టు బిగించి, బేరింగులు సర్దుకున్నాక మాన్యువల్‌లో చెప్పినంత వెనక్కి వదలండి. జీపులు, చిన్న పికప్‌లలో చాలావాటికి షాఫ్టే బరువు మోస్తుంది, సీల్ హౌసింగ్ గొట్టం చివర ఉంటుంది. అక్కడ షాఫ్ట్‌ను లోపలికి దూర్చేటప్పుడు దాని బరువు సీల్ పెదవి మీద పడనివ్వకండి. షాఫ్ట్ చివర పళ్లు కొత్త సీల్‌ను చీలుస్తాయి. ఒకరు కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకోవాలి.

తడిసిన లైనింగ్‌ను పెట్రోల్‌తో కడిగి, నిప్పు పెట్టి కాల్చి మళ్లీ వేస్తున్నారు. చేయకండి. ఆయిల్ పైపైన లేదు, లోపలికి ఇంకిపోయింది. ఇవాళ ఆరినట్టు కనబడుతుంది, ఘాట్‌లో డ్రమ్ము వేడెక్కగానే మళ్లీ పైకి ఊరుతుంది. రెండు పక్కలా కొత్తవి వేయండి, ఒక్క పక్క వేస్తే పట్టు తేడా వస్తుంది. డ్రమ్ములో దుమ్మును గాలి పెట్టి ఊదొద్దు, పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవండి.

హౌసింగ్ జాయింట్ లీకుల గురించి ఎక్కువ చెప్పను. రెండు ముఖాలూ ఆయిల్ చుక్క లేకుండా తుడిచి, సిలికాన్‌ను సన్న గీతగా పెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించండి. ట్యూబు మొత్తం పిండితే ఎక్కువైనది లోపలికి పొంగి ముక్కలుగా ఊడుతుంది. హౌసింగ్ పగిలితే ఎం-సీల్ అనే అతికే ముద్ద రాసుకుని ఇంటికి చేరుకోవచ్చు, అంతవరకే. వెల్డింగ్ చేయించేటట్టయితే ఆయిల్ మొత్తం దించి, లోపల శుభ్రం చేశాకే. ఆయిల్ ఆవిరికి మంట అంటుకుంటుంది.

ఆయిల్ పోసేటప్పుడు బండి సమంగా నిలబడాలి. ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు. ఎక్కువ పోస్తే మంచిదనుకుంటారు. ఎక్కువైతే క్రౌన్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, వేడి పెరుగుతుంది, మళ్లీ సీళ్ల మీదికే వస్తుంది. దించేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతాన్ని చూడండి. మెత్తటి బూడిద ముద్ద ఉంటే మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే పన్నో బేరింగో విరిగి ఉండొచ్చు, లోపల విప్పి చూడాల్సిందే.

దించిన పాత ఆయిల్ ఎక్కడ పోస్తున్నాం? షెడ్డు వెనక నేల మీద. వాన పడితే అది సర్వేపల్లి కాలువలోకి, జాఫర్ సాహెబ్ కాలువలోకి పోతుంది, అక్కడి నుంచి మన పొలాల్లోకే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. నాలుగు షెడ్లు కలిసి ఒక డ్రమ్ము పెట్టుకోండి, నిండాక వాళ్లే వచ్చి తీసుకుపోతారు.

అక్కడ డ్రైవరన్న ఏదో అడుగుతున్నారు. రాత్రి పూట హైవే మీద లీకు చూసుకుంటే బండి నడపొచ్చా అంటున్నారు. మంచి ప్రశ్న. ముందు ఎక్కడి నుంచో చూడండి. చక్రం దగ్గరైతే నడపొద్దు, ఎంత రాత్రయినా ఆపేయండి. పినియన్ దగ్గరైతే ఫిల్లర్ ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. వేలికి ఆయిల్ తగిలి బొట్టు మెల్లగా పడుతుంటే నిదానంగా దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు, మధ్యలో ఆగి లెవెల్ చూసుకుంటూ. వేలికి ఆయిల్ తగలకపోతే పోయకుండా కదలొద్దు. క్యాబిన్‌లో మీ బండికి సరిపడే గేర్ ఆయిల్ ఒక డబ్బా పెట్టుకోండి. ఇంకో సంగతి, వేడి మీద ప్లగ్ విప్పితే ఆయిల్ చేతి మీద పడుతుంది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే చిమ్ముతుంది కూడా. కాస్త ఆగి, ముఖం పక్కకు పెట్టి విప్పండి.

ఈ తమ్ముడు ఏమంటున్నాడంటే, విప్పకుండానే పినియన్ బేరింగ్ పోయిందని చెప్పొచ్చా అని. చెప్పొచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా గుయ్‌మని మోత మారుతుంటే పళ్ల వైపో, పినియన్ బేరింగ్ వైపో అనుమానించు. మలుపు తిరిగేటప్పుడు మోత మారితే హబ్ బేరింగులు చూడు. తొక్కినా వదిలినా తేడా లేకుండా, రోడ్డు మారితే మారుతుంటే అది టైర్ల మోత. బయట చెట్టు కింద ఒక పాత హౌసింగ్ పెట్టించాను, గాడి పడిన ఫ్లాంజ్, బాగున్న ఫ్లాంజ్ రెండూ ఉన్నాయి. అందరూ వచ్చి గోరు పెట్టి చూడండి. షెడ్డు పిల్లలు ముందు రండి.